గురి వెనుక మట్టిగట్టు



ప్రత్యేక సంచికకు తలా ఒక చరిత్ర వ్యాసం రాయమని మన సంఘం వారు కోరారు. తమ శాఖ చరిత్రో, ఊరి దేవాలయ చరిత్రో రాసేవారు మనలో చాలామంది ఉన్నారు. నేను నాటు తుపాకి గురించి రాయదలచుకున్నాను. దాని ప్రతాపం గురించి కాదు. ఆ తుపాకితో గురి నేర్చుకునేవాడు దేనిని గురిగా పెట్టుకోవాలి, ఎక్కడ పెట్టుకోవాలి అన్న చిన్న విషయం గురించి. రెవెన్యూ శాఖలో గుమాస్తాగా పనిచేసి రిటైరై, డెబ్బై అయిదేళ్ళ వయసులో ఉన్నవాడికి తుపాకితో పనేమిటని మీకు అనిపించవచ్చు. నా ఎడమ పిక్క మీద పాత అణా బిళ్ళంత మచ్చ ఒకటి ఉంది. అది ఎలా వచ్చిందో చివర మనవి చేస్తాను.

మా ఊరు, మా తుపాకి

మాది తిరువూరు ప్రాంతంలోని వినగడప. కట్టలేరు మా ఏరు. ఒకప్పుడు కృష్ణా జిల్లా, తిరువూరు తాలూకా. 2022 ఏప్రిల్ నుంచి ఎన్.టి.ఆర్. జిల్లా అయింది. 1948 దాకా మాకు కొద్ది దూరంలోనే నిజాం రాజ్యపు సరిహద్దు ఉండేది. జొన్న పాలు పోసుకునే వేళకు అడవి పందులు చేలమీద పడేవి. రైతులు మంచెలు వేసుకుని, డబ్బాలు వాయిస్తూ రాత్రుళ్ళు కావలి కాసేవారు. ఊరికి ఒకరిద్దరి దగ్గర లైసెన్సు తుపాకి ఉండేది.

అది గొట్టం మూతి నుంచి మందూ గుండూ కూరి కాల్చే తుపాకి. సరిహద్దు అవతల దానిని బర్మారు అనేవారు. తెలంగాణ సాయుధ పోరాటపు రోజుల్లో వడిసెలతో పాటు వినిపించిన పేరు అదే. మా ఆఫీసు కాగితాల్లో ‘ఎస్.బి.ఎం.ఎల్.’ అని నాలుగక్షరాలు రాసేవాళ్ళం. ఒంటి గొట్టం, మూతి నుంచి నింపేది అని దాని భావం.

పెట్లుప్పు, గంధకం, బొగ్గు కలిసిన నల్లమందును గొట్టంలో పోయాలి. పైన గుడ్డపీచో కొబ్బరిపీచో పెట్టి, గుండు వేసి, గజంతో దిగగొట్టాలి. తరువాత వెనుక రాగి క్యాపు తొడిగి కాల్చాలి. పేలగానే కళ్ళముందు తెల్లటి పొగ కమ్ముకుంటుంది. గుండు తగిలిందో లేదో పొగ విడిచేదాకా తెలియదు. నాలుగైదుసార్లు కాల్చేసరికి గొట్టంలో మసి పేరుకుని మరో గుండు దిగడమే కష్టమవుతుంది. ఇలాంటి తుపాకి పట్టినవాడికి ప్రతి గుండూ లెక్కే. అందుచేత గురిని ఎంచుకోవడంలోనే సగం విద్య ఉంది.

వంద అడుగుల గుడ్డ

ఈ తుపాకులు మన దేశంలో రాజ్యాలనే మార్చాయి. మన కృష్ణా జిల్లాలోని మచిలీపట్నం కోటను 1759 ఏప్రిల్ 8న ఫ్రెంచివారి నుంచి కర్నల్ ఫోర్డు పట్టుకున్నప్పుడు ఇరువైపులా సిపాయిల చేతుల్లో ఉన్నవి మూతి నుంచి కూరే మస్కెట్లే. అంతటి ఆయుధమూ గురిలో మాత్రం బహు బలహీనం. గొట్టం లోపల నున్నగా ఉంటుంది, గుండు కొంచెం వదులుగా ఉంటుంది. అది బయటికి వచ్చేటప్పుడు ఏ వైపు ఒరుసుకుంటే అటు పోతుంది.

ప్రష్యా సైన్యం వారు దీనిని పరీక్షించిన తీరు ప్రసిద్ధం. శత్రువుల బారుకు గుర్తుగా 100 అడుగుల పొడవు, 6 అడుగుల ఎత్తు గల గుడ్డను నిలబెట్టి సిపాయిల చేత కాల్పించారు. 75 గజాల దూరం నుంచి నూటికి 60 గుండ్లు తగిలాయి. 150 గజాలకు 40, 225 గజాలకు 25 మాత్రమే తగిలాయి. ఒక పెద్ద ఇంటి గోడంత గురికే ఇలా ఉంటే ఇక ఒంటరి మనిషి సంగతి చెప్పాలా! 200 గజాల దూరాన ఉన్న మనిషిని చూసి మామూలు మస్కెట్టు కాల్చడమూ, చంద్రుణ్ణి చూసి కాల్చడమూ ఒకటేనని జార్జి హేంగర్ అనే ఇంగ్లీషు సైనికాధికారి 1814లో రాశాడు. మన పోలీసు సోదరులు గురి సాధనను ఇప్పటికీ చాంద్‌మారి అంటారు. గురిపలక నడుమ ఉండే గుండ్రటి మచ్చను చంద్రుడితో పోల్చడం వల్ల వచ్చిన మాట అది. ఈ రెండు చంద్రులకూ సంబంధం లేదు గాని, నాకు ఒకటి చూస్తే రెండోది గుర్తుకు వస్తుంది.

ఆ గుడ్డలో నాకు నచ్చిన గుణం ఒకటుంది. గుడ్డకు చిల్లు పడుతుంది. గుండు ఎక్కడ తగిలిందో చిల్లు చెబుతుంది. నేర్చుకునేవాడికి కావలసింది ఆ జవాబు.

ఇనుప పలక, వెనుక దిబ్బ

1853లో ఎన్‌ఫీల్డు రైఫిలు వచ్చింది. అదీ మూతి నుంచి కూరేదే. అయితే గొట్టం లోపల మెలి తిరిగిన గాళ్ళు ఉండడం వల్ల గుండు సుడి తిరుగుతూ నిటారుగా పోయేది. ఆ రైఫిలు తూటాలకు పూసిన కొవ్వు గురించే 1857లో దేశం అట్టుడికింది. డండం, అంబాలా, సియాల్‌కోట్‌లలో సిపాయిలకు ఈ కొత్త తుపాకి నేర్పే కేంద్రాలు పెట్టారు. తుపాకి మారేసరికి గురి కూడా మారింది. వంద అడుగుల గుడ్డ పోయి, ఆరడుగుల ఎత్తు, రెండడుగుల వెడల్పు గల ఇనుప పలక వచ్చింది. అంటే ఒక మనిషంత. అంతకుముందు సిపాయి బారును కాల్చాడు, ఇకమీదట మనిషిని కాల్చాలన్నమాట.

1860 జూలై 2న లండన్ దగ్గర వింబుల్డన్‌లో రైఫిలు పోటీలను విక్టోరియా రాణి స్వయంగా ప్రారంభించింది. 400 గజాల దూరాన ఉన్న గురికి ముందుగానే సరిచూసి, స్టాండు మీద బిగించి ఉంచిన విట్‌వర్త్ రైఫిలు అది. రాణి పట్టు తాడు లాగగా, గుండు గురి నడిమి బిందువుకు అంగుళంన్నర లోపే తగిలింది. గురి కుదిర్చింది ఎవరో పనివారు, పేరు రాణిగారిది. ఆఫీసుల్లో డ్రాఫ్టు రాసి సంతకానికి పెట్టిన మనబోటివారికి ఇది కొత్త కాదు.

ఇలాంటి మైదానాల్లో గురిపలక వెనుక ఎత్తైన మట్టిదిబ్బ ఉండేది. తప్పిపోయిన గుండును ఆపడానికి, తగిలి దాటిపోయిన గుండును మింగడానికి. పలకను చూసినవారు చాలామంది, దిబ్బను చూసినవారు తక్కువ. ఈ వ్యాసంలో నేను చెప్పదలచినది ఆ దిబ్బ గురించే.

గురి ఎవరు?

1878లో లిట్టన్ ప్రభుత్వం ఆయుధాల చట్టం తెచ్చింది. లైసెన్సు లేనిదే భారతీయుడు తుపాకి ఉంచుకోరాదు. తెల్లవారికి మినహాయింపు. మరుసటి ఏడాదే, 1879లో, గోదావరి మన్యంలో రంప పితూరీ లేచింది.

అదే మన్యంలో 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లపై దాడిచేసి 26 తుపాకులు, 2,500 తూటాలు పట్టుకుపోయిన సంగతి మనకందరికీ తెలుసు. తెలియవలసినది మరొకటి ఉంది. సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో పోలీసు దళం నడిచి వస్తుండగా, ముందు నడుస్తున్న భారతీయ కానిస్టేబుళ్ళను రాజు దళం పోనిచ్చింది. వెనుక వస్తున్న కవర్డు, హైటరు అనే ఇద్దరు తెల్ల అధికారులనే కాల్చింది. అంత ఇరుకు దారిలో, అంత ఆవేశంలో, ఎవరిని కాల్చకూడదో ముందే నిర్ణయించుకున్నారు. అవి స్టేషన్ల నుంచి తెచ్చిన తుపాకులేగాని మూతి నుంచి కూరేవి కావు. అయినా గురి గురించి ఇంతకు మించిన పాఠం నాకు కనబడలేదు. ఆ రాజునే 1924 మే 7న పట్టుకుని, చెట్టుకు కట్టి కాల్చారు. చేతులు కట్టేసిన మనిషిని గురిగా నిలబెట్టినవాడికి చరిత్రలో ఏ పేరు మిగిలిందో మీకు తెలుసు.

చట్టంలో గురి

స్వాతంత్ర్యం వచ్చాక 1959లో కొత్త ఆయుధాల చట్టం చేశారు. 1962 అక్టోబరు 1 నుంచి అమలులోకి వచ్చింది. నేను 1972లో ఉద్యోగంలో చేరిన కొత్తలో, లైసెన్సు దరఖాస్తులపై విచారణ కాగితాలు చూసే సీటులో నన్ను కూర్చోబెట్టారు. అప్పుడు ఆ చట్టం 13వ సెక్షను నాకు కంఠతా వచ్చేసింది. అందులో ఒక విశేషం ఉంది. మూతి నుంచి కూరే తుపాకికి, నిజమైన పంట రక్షణ కోసమైతే లైసెన్సు ఇవ్వాలి అన్నారు. ‘గురి సాధన’ అన్న మాట దాని పక్కన లేదు. ఆ మాట పాయింట్ 22 రైఫిలుకు, ఎయిర్ రైఫిలుకు చెందినది. అదీ గుర్తింపు పొందిన రైఫిలు క్లబ్బు సభ్యుడికి.

అంటే పట్నంలో క్లబ్బు సభ్యుడు కాగితం మీద కాల్చి నేర్చుకోవచ్చు. చేనిగట్టు మీది రైతు మాత్రం పుట్టుకతోనే గురి వచ్చినవాడై ఉండాలి! ‘ఏ అవసరార్థం’ అన్న గడిలో ‘పంట రక్షణార్థం’ అని ఎన్ని వందలసార్లు రాశానో లెక్కలేదు. పొలం విస్తీర్ణం ఎంత, పంట ఏమిటి, మనిషి నడత ఎలాంటిది, ఇవన్నీ అడిగాము. ఎక్కడ నేర్చుకుంటావు, నీ గురి వెనుక ఏముంటుంది అని అడిగే గడి ఏ ఫారంలోనూ లేదు. నా పిక్క మీద మచ్చ ఉండీ, నేనూ అడగలేదు.

అదే 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. పంట తినే పందినైనా, అధికారం ఉన్న అటవీ అధికారి అనుమతి లేకుండా చంపరాదు. 1991 సవరణతో వినోదానికి వేటాడే లైసెన్సులు కూడా పోయాయి. అలా నాటు తుపాకి గోడకు చేరింది. ఎన్నికలప్పుడు స్టేషనులో డిపాజిట్ చేయడానికి, మళ్ళీ తెచ్చుకోవడానికి మాత్రమే అది గడప దాటేది.

గురి నేర్పే పని మాత్రం మరో దారిన వృద్ధి పొందింది. 10 మీటర్ల ఎయిర్ రైఫిలు గురిలో నడిమి చుక్క అర మిల్లీమీటరు ఉంటుంది. దానిమీద గురిపెట్టి, హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్య పతకం తెచ్చాడు. నల్లమందు తుపాకులకూ లోకంలో పోటీలు ఉన్నాయి. 1971లో ఫ్రాన్సులో మొదటి ప్రపంచ పోటీలు జరిగాయి. అరగంటలో 13 గుండ్లు కాల్చాలి. అందులో మంచివి 10 లెక్కకు తీసుకుని మిగతా మూడు వదిలేస్తారు. ఈ తుపాకి నైజం తెలిసినవారు పెట్టిన నిబంధన అది. మన పొరుగున కొడగులో, లైసెన్సు నుంచి మినహాయింపు ఉన్న కొడవలు కైల్‌పొళ్దు పండుగనాడు ఎత్తైన చెట్టుకు కట్టిన కొబ్బరికాయను కాలుస్తారు.

మా బాబాయి పాఠం

ఇక నా మచ్చ సంగతి. 1960. నాకు పదేళ్ళు. మా నాన్నగారి తమ్ముడికి పంట రక్షణకు లైసెన్సు తుపాకి ఉండేది. మా బాబాయికి చదువు అంతంత మాత్రం. ఏ సైనిక శిక్షణా లేదు. కాని ఇంతదాకా నేను రాసిన చరిత్ర సారమంతా ఆయనకు తెలుసు.

ఏడాదికోసారి, జొన్న కంకి వేసే ముందు, మా చేలో గురి సరిచూసుకునేవాడు. ముందు గట్టు వెతికేవాడు, తరువాతే గురి. మనిషి ఎత్తుకు మించిన మెత్తటి మట్టిగట్టు కావాలి. అందులో రాయి ఉండకూడదు. సీసపు గుండు రాతికి తగిలితే ఎటు తిరుగుతుందో దేవుడికి కూడా తెలియదనేవాడు. నీళ్ళవైపు కాల్చనిచ్చేవాడు కాదు. మేము చెరువులో పెంకు విసిరితే కప్పగంతులు వేస్తుంది కదా, గుండూ అంతేనట. గడ్డివాము దరిదాపుల్లో తుపాకి దించేవాడే కాదు. గుండుతో పాటు ఎగిరిన పీచు నిప్పుతో పడి వాము అంటుకుంటుందని భయం. చెట్టు మీద ఉన్నదానిని కాల్చేవాడు కాదు. తప్పిన గుండు ఏ ఊళ్ళో దిగుతుందో అనేవాడు. పిట్టనో కుక్కనో గురిగా పెట్టడం ఆయన దృష్టిలో మహాపాపం.

పాతచాటకు కాగితం అంటించి, నడుమ మసితో రూపాయంత బొట్టు పెట్టి, గట్టుకు ఆనించేవాడు. ఇరవై అయిదు అడుగులు కొలిచి నిలబడేవాడు. ప్రతి గుండుకూ నేను వెళ్ళి చిల్లు చూసి వచ్చేవాణ్ణి. “కుండను కాలిస్తే పగిలిందని తెలుస్తుందిరా, ఎక్కడ తగిలిందో తెలియదు. చాట అయితే అబద్ధమాడదు” అనేవాడు.

నాకు మాత్రం కుండ పగలడమే చూడాలని ఉండేది. ఆ సాయంత్రం ఇంట్లోంచి పిడత ఒకటి పట్టుకొచ్చి బతిమాలాను. చివరి గుండుకు సరేనన్నాడు. చాట తీసి, పిడతను గట్టు మొదట్లో పెట్టి, వెనక్కి వచ్చి మందు కూరుతున్నాడు. మట్టిరంగు గట్టుకు మట్టిరంగు పిడత, ఆనవాలే లేదు. పగిలితే నాకు కనబడదేమోనని, ఆయన గజంతో కూరుకుంటూ తల వంచుకున్నప్పుడు పరుగెత్తి, పిడతను పక్కనున్న బావి రాతి వర మీదికి మార్చి వచ్చాను. పొద్దు ఎదురుగా కొడుతోంది. బాబాయి తుపాకి ఎత్తి, ఒక క్షణం ఆగి, “ఒరే, అక్కడేనా నేను పెట్టింది?” అని అడిగాడు.

“అక్కడే బాబాయ్” అన్నాను.

పిడత పగిలింది. గుండు వెనుక రాతికి కొట్టుకుని, దాని తునక ఒకటి తిరిగి వచ్చి నా పిక్కలో దిగింది.

ఎడ్లబండి మీద తిరువూరు తీసుకువెళ్ళారు. నేను బతికి బట్టకట్టాను. మా నాన్నగారు అందరి ముందూ “బుద్ధి ఉండే కాల్చావా” అని అడిగారు. “రాయి చూసుకోకుండా పెట్టాను అన్నయ్యా, తప్పు నాదే” అన్నాడు బాబాయి. నా వైపు చూడను కూడా చూడలేదు. అడిగినవారందరికీ అదే మాట చెప్పి, తుపాకి స్టేషనులో అప్పగించి వచ్చాడు. ఆ ఏడు జొన్న సగం పందుల పాలైంది. నాన్నగారు తమ్ముడితో మూడేళ్ళు సరిగా మాట్లాడలేదు. ఊళ్ళో ఆయనకు ‘పిల్లవాణ్ణి కాల్చినవాడు’ అన్న మాట మిగిలిపోయింది. మట్టిగట్టు వెతకనిదే తుపాకి ఎత్తని మనిషికి ఆ పేరు!

పిడత జరిపింది నేనని ఆయనకు తెలుసు. ఆయన నాతో ఒక్కసారైనా ఆ ప్రస్తావన తేలేదు. ఆయనా పోయాడు, నాన్నగారూ పోయారు. ఇద్దరిలో ఎవరికీ నేను చెప్పలేదు. ఈ సంచిక మా బాబాయి పిల్లల ఇళ్ళకు కూడా వెళ్తుంది. తమ తండ్రి అజాగ్రత్తపరుడని ఇన్నాళ్ళూ విన్నారు. అది నిజం కాదని వాళ్ళకు ఈ వ్యాసం ద్వారా తెలియజేసుకుంటున్నాను. పదేళ్ళ పిల్లవాడి అబద్ధాన్ని క్షమించవచ్చు. అరవై ఏళ్ళకు పైగా మౌనంగా ఉన్న పెద్దవాడిని క్షమించడం వాళ్ళ దయ.

మనవి

2016 ఆయుధాల నియమావళిలో, లైసెన్సు కోరేవారు ఆయుధాన్ని భద్రంగా వాడడంలో శిక్షణ పొందాలన్న నిబంధన చేర్చారు. మా ఫారంలో లేని గడి అన్నేళ్ళకు వచ్చిందని సంతోషించాను.

సభ్యుల ఇళ్ళలో తాతల నాటి తుపాకి ఏదైనా అటకమీద ఉంటే, లైసెన్సుదారు గతించినట్లయితే దానిని ఆలస్యం లేకుండా పోలీసు స్టేషనులోగాని, లైసెన్సు గల డీలరు వద్దగాని డిపాజిట్ చేసి రసీదు తీసుకోండి. లోపల పాత మందు ఉందో లేదో మీరు చూడబోకండి. ఆ పని తెలిసినవారు చూస్తారు. దానిని పిల్లల చేతికి ఆటకైనా ఇవ్వకండి.

మన భాషలో గురి అంటే లక్ష్యమే కాదు, నమ్మకం కూడా. ఫలానావారి మీద నాకు గురి ఉంది అంటాము. ఆ సాయంత్రం మా బాబాయికి నా మాట మీద గురి ఉంది. అందుకే కాల్చాడు.

సెలవు.